ఆంగ్ల శ్రవణ వ్యూహాలు – తెలుగు విద్యార్థి చెవి: వ్యూహ వర్గీకరణలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ద్వితీయ భాషగా ఆంగ్లాన్ని అభ్యసించే విశ్వవిద్యాలయ విద్యార్థుల శ్రవణ నైపుణ్యంపై జరిగే పరిశోధనలలో ‘వ్యూహం’ కేంద్ర భావనగా స్థిరపడింది. సమర్థ శ్రోతలు కొన్ని వ్యూహాలను వాడతారని, బలహీన శ్రోతలు వాడరని, ఆ వ్యూహాలను నేర్పితే శ్రవణం మెరుగవుతుందని ఈ పరిశోధనలు సూత్రీకరిస్తాయి. ఈ సూత్రీకరణలో కారణానికీ కార్యానికీ గల సంబంధం చాలావరకు తారుమారైందని ఈ వ్యాసం వాదిస్తుంది. తెలుగు మాతృభాషగా గల విద్యార్థులకు ఎదురయ్యే మొదటి అవరోధం ధ్వనిప్రవాహం నుంచి పదాలను విడదీసుకోవడంలో ఉందని, అది తెలుగు లయతోను, ఆంగ్లాన్ని కంటితో నేర్చిన పద్ధతితోను ముడిపడి ఉందని ప్రతిపాదిస్తుంది. వ్యూహ శిక్షణను నిరాకరించడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. దాని స్థానాన్ని సవరించడమే లక్ష్యం.

కీలక పదాలు: శ్రవణ వ్యూహాలు, అధిసంజ్ఞానం, పదవిభజన, మాత్ర, సంధి, ద్వితీయ భాషా బోధన.

1. ఉపోద్ఘాతం

భాషా నైపుణ్యాలు నాలుగింటిలో శ్రవణం మొదటిదని ప్రతి బోధనాశాస్త్ర గ్రంథమూ చెబుతుంది. తరగతి గదిలో మాత్రం అది చివరి స్థానంలోనే ఉంటున్నది. చదివించడానికి పాఠం ఉంది, రాయించడానికి పరీక్ష ఉంది, మాట్లాడించడానికి ఉద్యోగ ముఖాముఖి ఉంది. వినడం మాత్రం వింటే దానంతట అదే వస్తుందన్న నమ్మకానికి వదిలివేయబడింది.

ఈ నిర్లక్ష్యానికి నేడు చెల్లించవలసిన మూల్యం పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కళాశాలల బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. పదో తరగతి వరకు తెలుగులో చదివిన విద్యార్థి భౌతికశాస్త్రాన్నీ వాణిజ్యశాస్త్రాన్నీ ఆంగ్లంలో విని గ్రహించవలసి వచ్చింది. ఐఐటీల ఆచార్యుల ఉపన్యాసాలను అందించే ఎన్‌పీటెల్, 2017లో ప్రారంభమైన స్వయం వేదికలు దృశ్య ఉపన్యాసాలను సాధారణ అభ్యసన సామగ్రిగా మార్చాయి. విదేశీ విద్యకు వెళ్ళగోరేవారు రాసే ఐఈఎల్‌టీఎస్ శ్రవణ పరీక్షలో 40 ప్రశ్నలుంటాయి. ప్రతి భాగాన్నీ ఒక్కసారే వినిపిస్తారు. వీటన్నింటిలోనూ విద్యార్థి విజయం అతని విషయ పరిజ్ఞానం మీదనే కాక చెవి మీద కూడా ఆధారపడి ఉంది.

ఇటువంటి సందర్భంలో శ్రవణంపై పరిశోధనలు పెరగడం ఆహ్వానించదగినదే. అయితే వాటిలో తరచుగా కనిపించే నమూనా ఒకటుంది. విదేశాలలో రూపొందిన వ్యూహ ప్రశ్నావళిని విద్యార్థులకు ఇవ్వడం, సమాధానాలను శాతాలుగా మార్చడం, స్త్రీ పురుష భేదం, గ్రామీణ పట్టణ భేదం, బోధన మాధ్యమ భేదం ఆధారంగా సరిపోల్చడం, చివరకు ‘విద్యార్థులకు వ్యూహ శిక్షణ అవసరం’ అని సూచించడం. విద్యార్థి ఏమి విన్నాడన్న ప్రశ్న ఈ క్రమంలో ఎక్కడా రాదు. ఆ లోపం యాదృచ్ఛికం కాదని, అది వ్యూహ సిద్ధాంత నిర్మాణంలోనే ఉందని గుర్తించవలసి ఉంది.

2. వ్యూహ భావన – పరిణామం

1975లో జోన్ రూబిన్ ‘మంచి భాషాభ్యాసకుడు’ ఏమి చేస్తాడన్న ప్రశ్నను లేవనెత్తారు. విజయం సాధించినవారి అలవాట్లను గుర్తించి మిగిలినవారికి నేర్పవచ్చునన్నది ఆ ఆలోచనలోని సారం. 1990లో మైకేల్ ఒమాలీ, అన్నా షామో తమ గ్రంథంలో వ్యూహాలను మూడు వర్గాలుగా విభజించారు. వినడానికి ముందు సిద్ధపడడం, వింటున్నప్పుడు అవగాహనను పర్యవేక్షించుకోవడం, విన్న తరువాత మూల్యాంకనం చేసుకోవడం అధిసంజ్ఞానాత్మక వ్యూహాలు. సందర్భాన్ని బట్టి ఊహించడం, పూర్వజ్ఞానంతో అనుసంధానించడం, సారాంశం చెప్పుకోవడం సంజ్ఞానాత్మక వ్యూహాలు. ఇతరులను అడిగి తెలుసుకోవడం, ఆందోళనను అదుపు చేసుకోవడం సామాజిక, భావోద్వేగ వ్యూహాలు. అదే సంవత్సరం రెబెకా ఆక్స్‌ఫర్డ్ ఆరు వర్గాల విభజనను, దానికి అనుబంధంగా 50 అంశాల ప్రశ్నావళిని అందించారు.

శ్రవణానికే ప్రత్యేకించిన సాధనం 2006లో వచ్చింది. లారీ వాండర్‌గ్రిఫ్ట్, క్రిస్టీన్ గోహ్, వారి సహచరులు 21 అంశాలతో అధిసంజ్ఞాన శ్రవణ ప్రశ్నావళిని రూపొందించారు. సమస్యా పరిష్కారం, ప్రణాళిక–మూల్యాంకనం, మానసిక అనువాదం, స్వీయ పరిజ్ఞానం, లక్షిత అవధానం అనే ఐదు అంగాలు ఇందులో ఉన్నాయి. విద్యార్థి ప్రతి వాక్యంతోను తాను ఎంతవరకు ఏకీభవిస్తున్నాడో ఆరు బిందువుల మాపనిపై గుర్తిస్తాడు. సులభంగా నిర్వహించగలగడం, గణాంక విశ్లేషణకు అనువుగా ఉండడం వల్ల ఈ సాధనం ప్రపంచమంతటా వ్యాపించింది.

ఈ సంప్రదాయం చేసిన మేలును తక్కువ చేయరాదు. అంతకుముందు శ్రవణ బోధన అంటే వినిపించడం, ప్రశ్నలడగడం, సరైన జవాబు చెప్పడం మాత్రమే. తప్పు జవాబు వెనుక జరిగిన ఆలోచనను పట్టించుకున్న ఘనత వ్యూహ పరిశోధకులదే. శ్రోతను నిష్క్రియుడిగా కాక, అర్థాన్ని నిర్మించే వ్యక్తిగా చూపింది కూడా వారే. విమర్శ మొదలు కావలసింది ఆ తరువాతి మెట్టు వద్ద.

3. ప్రశ్నావళి కొలిచేది ఏది?

జోల్తాన్ డోర్న్యెయి 2005లో వ్యూహ ప్రశ్నావళులపై ఒక మౌలికమైన అభ్యంతరాన్ని లేవనెత్తారు. ఒక పనిని ఎంత తరచుగా చేస్తారని అడిగి, ఆ సంఖ్యలను కూడి, మొత్తం ఎక్కువైతే వ్యూహ సామర్థ్యం ఎక్కువని భావించడం సరికాదన్నది ఆ అభ్యంతరం. ఒకే వ్యూహాన్ని సరైన చోట చక్కగా వాడేవారు, పది వ్యూహాలను అస్తవ్యస్తంగా వాడేవారి కంటే మెరుగైన అభ్యాసకులు కావచ్చు. సంఖ్య ఈ భేదాన్ని చూపలేదు.

శ్రవణం విషయంలో ఈ అభ్యంతరం మరింత బలపడుతుంది. పఠనంలో కన్ను వెనక్కి వెళ్ళగలదు, చెవి వెళ్ళలేదు. ఒక వాక్యం వినబడే కొద్ది క్షణాలలో మనసులో జరిగే పని చాలావరకు స్పృహకు అందదు. వారం తరువాత కాగితం మీద ‘వింటున్నప్పుడు నాకు తెలిసిన పదాల ఆధారంగా తెలియని పదాలను ఊహిస్తాను’ వంటి వాక్యం ఎదురైతే విద్యార్థి తన జ్ఞాపకాన్ని కాక, తనపై తనకున్న అభిప్రాయాన్ని నమోదు చేస్తాడు. ఎక్కువ మంది విద్యార్థులు మంచి విద్యార్థి ఎలా ఉండాలో తెలిసినవారే. అధ్యాపకుడు స్వయంగా పంచిన పత్రంలో ‘నా మనసు చెదిరినప్పుడు తిరిగి దృష్టి నిలుపుతాను’ అన్న అర్థం వచ్చే వాక్యానికి ‘లేదు’ అని గుర్తించే సాహసం అరుదు.

ప్రశ్నావళి రూపకర్తల సొంత ఫలితమే ఇక్కడ గమనార్హం. 2006 నాటి అధ్యయనంలో శ్రవణ ప్రతిభలో విద్యార్థుల మధ్య కనిపించిన తేడాలలో సుమారు 13 శాతాన్ని మాత్రమే అధిసంజ్ఞానం వివరించగలిగింది. ఒక్క అంశం అంత వివరించడం విస్మరించదగినది కాదు. అయితే మిగిలిన 87 శాతం మాట ఏమిటన్న ప్రశ్న కూడా అంతే న్యాయమైనది. పదసంపద, ధ్వని గుర్తింపు, పదవిభజన, స్మృతి, విషయ పరిచయం వంటివన్నీ ఆ భాగంలోనే ఉన్నాయి. 13 శాతాన్ని వివరించే సాధనాన్ని శ్రవణ సమస్య మొత్తానికి నిదానంగా వాడడం మూలకర్తల దోషం కాదు. దానిని అనువదించి యథాతథంగా ప్రయోగించే పరిశోధనల దోషం.

4. కారణమా? కార్యమా?

ఒమాలీ, షామో, కూపర్ 1989లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ఉదాహరించబడుతుంది. అమెరికాలో ఆంగ్లం నేర్చుకుంటున్న స్పానిష్ నేపథ్యం గల ఉన్నత పాఠశాల విద్యార్థులు వింటూ తమ ఆలోచనలను పైకి చెప్పిన తీరును అది విశ్లేషించింది. సమర్థ శ్రోతలు పదబంధాలుగా, వాక్యాలుగా విని, అర్థాన్ని పూర్వజ్ఞానంతో కలుపుకున్నారు. బలహీన శ్రోతలు ఒక్కొక్క పదాన్ని పట్టుకొని వేలాడారు. ఈ పరిశీలన వాస్తవమే. దాని నుంచి బోధనలోకి దిగిన సూత్రం మాత్రం వేరు: ‘పదం పదం వినడం చెడ్డ అలవాటు, ముఖ్య పదాలను పట్టుకొని మిగిలినది ఊహించాలి.’

జ్వరం వచ్చినవాడు వణుకుతాడు. వణకడం మాన్పిస్తే జ్వరం తగ్గదు. బలహీన శ్రోతలు పదం పదం వినడానికి కారణం వారికి వేరొక వ్యూహం తెలియకపోవడం కాదు. పదాలు వారికి అప్రయత్నంగా అందకపోవడం. పదగుర్తింపు అనాయాసమైనవారికి మనసులో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో ప్రణాళిక, పర్యవేక్షణ, ఊహ సాధ్యమవుతాయి. కాబట్టి సమర్థ శ్రోతలలో కనిపించే వ్యూహ సమృద్ధి వారి సామర్థ్యానికి కారణం ఎంతో, ఫలితం కూడా అంతే.

వ్యూహ సంప్రదాయంలోనే ఇందుకు ఆధారం దొరుకుతుంది. క్రిస్టీన్ గోహ్ 2000లో, సింగపూర్‌లో విశ్వవిద్యాలయ ప్రవేశానికి సిద్ధమవుతున్న 40 మంది చైనా విద్యార్థుల శ్రవణ సమస్యలను వారి దినచర్య పుస్తకాల ద్వారా, సంభాషణల ద్వారా సేకరించారు. గుర్తించిన పది సమస్యలలో ఐదు ధ్వనిగ్రహణ దశకు చెందినవి. తెలిసిన పదాన్నే గుర్తించలేకపోవడం, ధ్వనిప్రవాహాన్ని ముక్కలుగా విడదీయలేకపోవడం వాటిలో ఉన్నాయి. పదాలు అర్థమై సందేశం అర్థం కాకపోవడం వంటి ఉన్నత స్థాయి సమస్యలు రెండే. ఈ విద్యార్థులకు కొరవడింది ఊహాశక్తి కాదు. ఊహించడానికి కావలసిన ముడిసరుకు.

2000లో టోనీ రిడ్జ్‌వే, జాన్ ఫీల్డ్ మధ్య జరిగిన వాదం ఈ అంశాన్ని స్పష్టం చేసింది. శ్రవణ సమయంలో స్పృహపూర్వక వ్యూహాలకు మనసులో చోటు ఉండదని, విస్తారమైన సాధనే మార్గమని రిడ్జ్‌వే వాదించారు. చెవికి అంతంతమాత్రమే అందే విద్యార్థి బయటి ప్రపంచంలో నెగ్గుకు రావాలంటే వ్యూహాలు తప్పవని ఫీల్డ్ సమాధానమిచ్చారు. అయితే ఫీల్డ్ దృష్టిలో వ్యూహం లోటును పూడ్చే తాత్కాలిక ఉపాయం. నైపుణ్యం పెరిగేకొద్దీ దాని అవసరం తగ్గుతుంది. ఈ భేదాన్ని విస్మరించినప్పుడే ఊతకర్రను కాలుగా భావించే ప్రమాదం ఏర్పడుతుంది.

5. మాత్రల చెవి

వ్యూహ వర్గీకరణలు విద్యార్థి మాతృభాషతో నిమిత్తం లేనట్లు రూపొందాయి. ప్రణాళిక వేసుకోవడానికి తెలుగువాడైనా జపానువాడైనా ఒక్కటే కావచ్చు. పదాలను విడదీయడానికి మాత్రం ప్రతి శ్రోతా తన భాష నేర్పిన పనిముట్టునే వాడతాడు. ఆన్ కట్లర్, వారి సహచరులు దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాల సారాంశం ఇదే.

ఆంగ్ల సంభాషణలో అర్థప్రధాన పదాలలో సుమారు 90 శాతం ఊనికతో కూడిన బలమైన అక్షరంతో మొదలవుతాయని కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో చూపారు. అందువల్ల ఆంగ్లం మాతృభాషగా గల శ్రోత బలమైన అక్షరం వినగానే అక్కడ కొత్త పదం మొదలైందని భావిస్తాడు. ఎక్కువసార్లు ఆ అంచనా ఫలిస్తుంది. తెలుగులో ఆ సౌకర్యం లేదు, దాని అవసరమూ లేదు. తెలుగులో ఊనిక మార్పు వల్ల పదార్థం మారదు. తెలుగు చెవికి ముఖ్యమైనది అచ్చు నిడివి: ‘పలు’ వేరు, ‘పాలు’ వేరు, ‘కల’ వేరు, ‘కాల’ వేరు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలని ఛందశ్శాస్త్రం చెప్పే లెక్క పద్యానికే పరిమితం కాదు. అది భాషా లయలోనే ఉంది.

ఈ విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా గమనించవలసిన అధ్యయనం ఒకటుంది. లలిత మూర్తి, తకాషి ఒతాకె, ఆన్ కట్లర్ 2007లో తెలుగు, జపాను శ్రోతలపై జరిపిన ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. జపాను భాష మాత్రాలయ గలది. దానితో ఏ చుట్టరికమూ లేని తెలుగు మాట్లాడేవారు జపాను ధ్వనులను విన్నప్పుడు, వెతుకుతున్న ధ్వనిఖండం మాత్రల సరిహద్దుకు సరిపడకపోతే దానిని గుర్తించడంలో ఇబ్బంది పడ్డారు. జపాను శ్రోతలు ఇబ్బంది పడిన తీరూ ఇదే. తెలుగువారు తెలుగునే విన్నప్పుడు ఫలితాలు కొంత మిశ్రమంగా ఉన్నా, రెండు వర్గాల శ్రోతల మధ్య మొత్తం మీద పోలిక కనిపించింది. ఈ ప్రయోగాలలో తెలుగువారికి ఆంగ్లం వినిపించలేదు. అయితే జపాను శ్రోతలు తమ మాత్రా పద్ధతిని ఆంగ్లం విన్నప్పుడు కూడా ప్రయోగిస్తారని కట్లర్, ఒతాకె అంతకుముందే చూపి ఉన్నారు. కాబట్టి తెలుగు విద్యార్థి కూడా ఆంగ్లాన్ని మాత్రల చెవితో వింటాడన్న పరికల్పన సహేతుకమైనది, పరీక్షించదగినది.

ఈ పరికల్పన తరగతి గదిలో అందరికీ తెలిసిన ఒక అనుభవాన్ని వివరిస్తుంది. తెలుగు అధ్యాపకుని ఆంగ్ల ఉపన్యాసాన్ని అనుసరించగలిగిన విద్యార్థి, అదే పాఠాన్ని బ్రిటిష్ లేదా అమెరికన్ వక్త నోట విన్నప్పుడు తడబడతాడు. పదజాలం అదే, విషయం అదే. మారినది లయ. తెలుగు వక్త ఆంగ్లంలో ప్రతి అచ్చుకూ దాని పూర్తి విలువ ఇస్తాడు. మాతృభాషగా ఆంగ్లం మాట్లాడేవారు ఊనిక లేని అచ్చును క్షీణింపజేస్తారు. ‘ఫోటోగ్రఫీ’ అన్న మాట తెలుగు చెవికి సుపరిచితం. ఆంగ్ల ఉచ్చారణలో ఊనిక రెండవ అక్షరంపై పడి, మొదటి అచ్చు దాదాపు వినబడనంతగా తగ్గి, ‘ఫటాగ్రఫి’కి దగ్గరగా వినిపిస్తుంది. ‘కంఫర్టబుల్’ మూడక్షరాల ‘కంఫ్‌టబ్ల్’ అవుతుంది. విద్యార్థి దానిని కొత్త పదమనుకుంటాడు. నిజానికి అది తనకు ఎప్పటి నుంచో తెలిసిన పదం.

6. కంటికి తెలిసిన పదం, చెవికి తెలియని పదం

లయభేదానికి మరొక కారణం తోడవుతుంది. తెలుగు విద్యార్థి ఆంగ్ల పదాలలో అధిక భాగాన్ని కంటితో నేర్చుకుంటాడు. తెలుగు లిపిలో రాసిన దానికీ పలికే దానికీ మధ్య దూరం తక్కువ. ఆ నమ్మకంతోనే ఆంగ్ల వర్ణక్రమాన్ని చదివిన విద్యార్థి మనసులో ప్రతి పదానికీ ఒక ధ్వనిరూపం ఏర్పడుతుంది. అది అక్షరాల నుంచి పుట్టిన రూపం. నోటి నుంచి విన్న రూపం కాదు. ‘బస్సు’, ‘కారు’, ‘పెన్ను’ అని హలంత పదాలను అజంతాలుగా మార్చుకున్న భాషా స్వభావం కూడా ఆ రూపంపై ముద్ర వేస్తుంది.

ఈ అంతరం వ్యాకరణ పదాల వద్ద ప్రమాదకరమవుతుంది. ఫీల్డ్ 2008లో వివిధ మాతృభాషలు గల అభ్యాసకులకు ధ్వనిముద్రణలను వినిపించి, మధ్యలో ఆపి, చివరగా విన్న కొన్ని పదాలను రాయమన్నారు. అర్థప్రధాన పదాల కంటే వ్యాకరణ పదాలను గుర్తించడంలో అభ్యాసకులు స్పష్టంగా వెనకబడ్డారు. సహాయక క్రియలు, విభక్త్యర్థక పదాలు, ఉపపదాలు ఆంగ్లంలో ఊనిక లేకుండా, అచ్చు క్షీణించి పలుకుతాయి. తెలుగులో ఈ పని చేసేవి ప్రత్యయాలు. అవి పూర్తి అచ్చులతో, పదం చివర స్పష్టంగా వినబడతాయి. ‘వెళ్ళగలడు’, ‘వెళ్ళలేడు’ అన్న రెండింటి మధ్య తేడా ఎంత సద్దులోనైనా తెలుస్తుంది. ఆంగ్లంలో ‘కెన్’, ‘కాంట్’ల మధ్య తేడా, ముఖ్యంగా అమెరికన్ ఉచ్చారణలో, ఒక అచ్చు బలం మీదా వినీ వినబడని ఒక హల్లు మీదా ఆధారపడి ఉంటుంది.

‘ముఖ్య పదాలను పట్టుకొని మిగిలినది ఊహించు’ అన్న వ్యూహం పరిమితి ఇక్కడ బయటపడుతుంది. పీడనం ఒక అవధిని దాటవచ్చునని చెప్పే వాక్యంలోనూ, దాటకూడదని చెప్పే వాక్యంలోనూ ముఖ్య పదాలు ఒకటే. ‘ఐ వుడ్ హావ్ గాన్’ అన్నది మాటల వేగంలో ‘ఐడవ్ గాన్’గా వినిపిస్తుంది. ‘వెళ్ళి ఉండేవాడిని’ అన్న అర్థాన్ని మోసే రెండు పదాలు చెవి దాటిపోతే మిగిలేది ‘వెళ్ళాను’ అన్న తప్పు అర్థం. ఊహ విద్యార్థిని అర్థం వైపు నడిపించవలసింది పోయి, విరుద్ధార్థాన్ని ఆత్మవిశ్వాసంతో అంగీకరించేలా చేస్తుంది. ప్రశ్నావళిలో ఆ విద్యార్థి సమస్యా పరిష్కార వ్యూహాలకు అధిక విలువ నమోదు కావచ్చు. నోటు పుస్తకంలో ఉండేది మాత్రం తప్పు వాక్యమే.

7. మానసిక అనువాదం – ఒక పునరాలోచన

2006 ప్రశ్నావళిలో మానసిక అనువాదం అనే అంగం మిగిలిన నాలుగింటికి భిన్నం. సమర్థ శ్రోతలు విడిచిపెట్టవలసిన అలవాటుగా దానిని పరిగణించారు. ఒక భాషలోనే పెరిగి రెండవ భాషను తరగతిలో నేర్చుకునేవారి విషయంలో ఈ భావన పొసగవచ్చు. తెలుగు విద్యార్థి విషయంలో ప్రశ్నే అస్పష్టమవుతుంది.

‘వోల్టేజ్’, ‘ప్రెషర్’, ‘డెబిట్’, ‘క్రెడిట్’ వంటి మాటలు విన్న విద్యార్థి వాటిని దేనిలోకి అనువదిస్తాడు? అతని తెలుగులోనే అవి ఉన్నాయి. తరగతి గదిలో అధ్యాపకుడు ఆంగ్లంలో నిర్వచనం చెప్పి, తెలుగులో వివరించి, మళ్ళీ ఆంగ్లంలో ముగించడం సర్వసాధారణం. అక్కడ రెండు భాషల మధ్య సంచారం బలహీనతకు చిహ్నం కాదు, అభ్యసన మార్గం. ‘ముఖ్య పదాలను అనువదించుకుంటాను’ అన్న అంశానికి ఇటువంటి విద్యార్థి ఇచ్చే జవాబు ఏ మానసిక ప్రక్రియను సూచిస్తుందో నిర్ణయించడం కష్టం. ఈ అంగంలో ఎక్కువ విలువ వచ్చిన గ్రామీణ విద్యార్థిని బలహీన శ్రోతగా ముద్ర వేయడం శాస్త్రీయం కాదు. పట్టణ, గ్రామీణ భేదాన్ని కొలిచామని చెప్పే పట్టికలు కొన్నిసార్లు ఇంట్లో మాట్లాడే తెలుగులోని ఆంగ్ల పదాల పాలును మాత్రమే కొలిచి ఉండవచ్చు.

8. బోధనకు, పరిశోధనకు సూచనలు

వ్యూహ శిక్షణ ఫలితాలను ఇవ్వదని చెప్పడం సత్యదూరం. ఇంగ్లండులో ఫ్రెంచి నేర్చుకునే విద్యార్థులపై సుజాన్ గ్రాహం, ఎర్నెస్టో మకారో 2008లోను, కెనడాలో ఫ్రెంచి నేర్చుకునేవారిపై వాండర్‌గ్రిఫ్ట్, తఫఘోద్తరి 2010లోను ప్రచురించిన అధ్యయనాలు శిక్షణ పొందినవారు మెరుగైన ఫలితాలు సాధించారని చూపాయి. రెండవ అధ్యయనంలో ఎక్కువ లాభం పొందినవారు బలహీన శ్రోతలే. అయితే ఈ విద్యార్థుల మాతృభాషకూ లక్ష్యభాషకూ లిపి ఉమ్మడిది, పదజాలంలో గణనీయమైన భాగం ఉమ్మడిది. పైగా ఆ శిక్షణలో విద్యార్థులు ముందు ఊహించడం, విని సరిచూసుకోవడం, మళ్ళీ వినడం ఒక చక్రంగా సాగాయి. ఆ మళ్ళీ వినడంలో చెవికి దొరికిన సాధన ఎంత, వ్యూహ చైతన్యం ఎంత అన్నది విడదీసి చూడవలసిన అంశం.

తెలుగు విద్యార్థికి పదవిభజన నేర్పడానికి కొత్త పరికరాలు అవసరం లేదు. తెలుగు వ్యాకరణ పాఠంలోనే అవి ఉన్నాయి. ‘వాడు ఎక్కడ’ కలిసి ‘వాడెక్కడ’ అవుతుందని, ‘అమ్మ ఇచ్చింది’ కలిసి ‘అమ్మిచ్చింది’ అవుతుందని పాఠశాలలో నేర్చిన విద్యార్థికి పదాలు కలిసినప్పుడు ధ్వనులు మారతాయన్న సూత్రం కొత్త కాదు. ‘పంట’, ‘పంది’, ‘పంపు’లలో ఒకే సున్న తరువాతి హల్లును బట్టి మూడు విధాలుగా పలుకుతుంది. ఆంగ్లంలో ‘టెన్ బాయ్స్’ అన్నది ‘టెమ్ బాయ్స్’గా వినబడడం ఇటువంటి మార్పే. ‘నెక్స్ట్ డే’లో నడిమి హల్లు జారిపోవడం, ‘డిడ్ యూ’ కలిసి ‘డిజ్యూ’ కావడం కూడా సంధికార్యాలే. తేడా ఒక్కటే: తెలుగులో సంధి జరిగిన రూపాన్ని రాతలోనూ చూపవచ్చు, ఆంగ్లం పదాలను విడివిడిగా రాసి కలిపి పలుకుతుంది. తెలుగు ప్రశ్నపత్రంలో ప్రతి విద్యార్థీ ఎదుర్కొన్న ‘విడదీసి రాయండి’ అన్న ప్రశ్ననే ఆంగ్ల శ్రవణ తరగతిలో చెవికి వేయాలి.

ఇందుకు ప్రత్యేక ప్రయోగశాల కూడా అనివార్యం కాదు. హైదరాబాదు జేఎన్‌టీయూ వంటి సాంకేతిక విశ్వవిద్యాలయాల బి.టెక్. ప్రణాళికలో ఆంగ్ల భాషా ప్రయోగశాల ఉంది. ధ్వనులు, ఊనిక, స్వరగతి అందులో పాఠ్యాంశాలు. వాటిని ఉచ్చారణను దిద్దడానికి మాత్రమే కాక, వినికిడిని దిద్దడానికీ వినియోగించాలి. ‘ఫటాగ్రఫి’ అని పలకడం తెలుగు విద్యార్థికి తప్పనిసరి కాదు. అలా పలికినప్పుడు గుర్తించగలగడం తప్పనిసరి. సాధారణ డిగ్రీ కళాశాలలో ఒక చరవాణి, ఒక స్పీకరు, పాఠ్యప్రతి గల ఒక ఉపన్యాసం చాలు. రెండు నిమిషాల భాగాన్ని వినిపించి, మధ్యలో ఆపి, చివరి నాలుగైదు పదాలను రాయించి, ఆపైన పాఠ్యప్రతితో సరిచూపిస్తే ప్రతి విద్యార్థికీ తన చెవి లోపం ఎక్కడుందో తెలుస్తుంది. పదం తెలియక పోయిందా, తెలిసినా వినబడక పోయిందా అన్న భేదం అక్కడే తేలుతుంది. మొదటిది పదజాల సమస్య. రెండవది శ్రవణ సమస్య. రెండింటికీ ఒకే మందు పనికిరాదు.

పరిశోధనలోనూ ఇదే క్రమం పాటించవలసి ఉంది. ప్రశ్నావళిని వాడవచ్చు, అది ఒక్కటే చాలదు. ఆపి రాయించే పరీక్షను, ప్రశ్నావళి ఫలితాలను పక్కపక్కన ఉంచినప్పుడు విద్యార్థి తాను చేస్తానన్నదానికీ నిజంగా విన్నదానికీ గల దూరం కనిపిస్తుంది. వింటూ ఆలోచనలను పైకి చెప్పించే పద్ధతిని వాడదలిస్తే విద్యార్థికి తెలుగులో చెప్పే స్వేచ్ఛ ఉండాలి. లేకపోతే కొలిచేది శ్రవణాన్ని కాక ఆంగ్ల వాగ్ధాటిని. వినిపించే వక్తలలో తెలుగువారు, ఇతర భారతీయులు, విదేశీయులు ఉంటే లయ ప్రభావాన్ని విషయ క్లిష్టత నుంచి వేరుచేయవచ్చు. తెలుగు శ్రోతలు ఆంగ్లంలో పద సరిహద్దులను ఎక్కడ తప్పుగా గీస్తున్నారో నమోదు చేసిన ఒక చిన్న దోషసంచయం, వందలమంది నింపిన ప్రశ్నావళుల కంటే బోధనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆంగ్ల, తెలుగు శాఖల పరిశోధకులు కలిసి పనిచేయదగిన అరుదైన క్షేత్రం ఇది.

9. ముగింపు

శ్రవణ వ్యూహాల సిద్ధాంతం శ్రోతను గౌరవించింది. అతని మాతృభాషను మాత్రం పట్టించుకోలేదు. ఆ లోపం వల్ల తెలుగు విద్యార్థి చెవికి సంబంధించిన కష్టం అతని శ్రద్ధకు, ప్రణాళికకు, క్రమశిక్షణకు సంబంధించిన లోపంగా నమోదవుతున్నది. ఏకాగ్రతతో వినమని, ధైర్యంగా ఊహించమని సలహా పొందిన విద్యార్థి, అలా చేసినా వినబడనప్పుడు తప్పు తనదేనన్న నిర్ణయానికి వస్తాడు. ఆంగ్ల మాధ్యమంలోకి అడుగుపెట్టిన మొదటి తరం విద్యార్థుల విషయంలో ఈ నిర్ణయం చదువు మానుకోవడానికి కూడా దారితీయగలదు. నిదానం సరైనదైతే చికిత్స కష్టమైనది కాదు. ముందు పదాలు వినబడాలి; అర్థాన్ని ఊహించే వ్యూహాలు ఆ తరువాత. ఈ వరుసను పాటించినప్పుడే ప్రశ్నావళి అడిగే ప్రశ్నలకు విద్యార్థి నిజమైన జవాబు చెప్పగలుగుతాడు.